అమావాస్య నాడు ఆగిన రాట్నం

చౌడప్ప కాళ్ల సంగతి ధర్మవరంలో ఆ వీధివాళ్లందరికీ తెలుసు. కూర్చుంటే ఆడతాయి. అన్నం తింటున్నా ఆడతాయి. నిద్రలో కూడా ఒకదాని తర్వాత ఒకటి దేన్నో తొక్కుతూనే ఉంటాయి.

"పడుకున్నప్పుడన్నా మగ్గం నిలపయ్యా, నా మోకాళ్లు పగిలిపోతాండాయి" అని భార్య నీలావతి పోట్లాడేది.

మీసం మొలవకముందే నాయన అతన్ని మగ్గం గుంతలోకి దింపాడు. అప్పటి నుంచి కాళ్లు గుంతలో తొక్కుడు చెక్కల మీద, మిగతా మనిషి నేలమీద. ఎదురుగా మట్టిగోడ. పక్కన నేలకు జానెడెత్తున ఒక కిటికీ. అందులోంచి దారిన పోయేవాళ్ల మడమలు కనిపిస్తాయి, ముఖాలు కనిపించవు. ధర్మవరం పట్టుచీరకు మద్రాసు దాకా పేరుంది. ఆ పేరు తిని బతికేవాళ్లు వేరు, గుంతలో కూర్చునేవాళ్లు వేరు.

పంతొమ్మిదివందల ఏభై ఎనిమిది ఎండాకాలంలో స్టేషను గోడమీద ఒక రంగుల కాగితం అంటించారు. హిందూపురంలో ఎగ్జిబిషన్. ఆయిలింజనుతో తిరిగే పెద్ద రాట్నం బొమ్మ. పై తొట్టిలో కూర్చున్న మనిషి మిద్దెలకన్నా ఎత్తున నవ్వుతున్నాడు. పట్టు కండెలకని బయల్దేరిన చౌడప్ప ఆ మనిషిని చూస్తూ అక్కడే నిలబడిపోయాడు. ఆ రోజు నుంచి అతనికి ఒకటే యావ. బతుకులో ఒక్కసారి పైనుంచి చూడాలి. ఏం చూడాలంటే అతనికీ తెలియదు.

నేతగాళ్లకు సెలవంటే అమావాస్యే. ఆ రోజు మగ్గం ముట్టరు. చౌడప్ప అమావాస్యకే ముహూర్తం పెట్టాడు. మగ్గాల సావుకారు ముందే హెచ్చరించాడు: పెళ్లివాళ్ల చీర మరునాటి మధ్యాహ్నానికి చేతికి రాకపోతే, వచ్చే పడుగు, అంటే తర్వాతి చీర పని, ఇంకో మగ్గానికి పోతుందని. మిగిలింది మూరెడు నేత. రాత్రికి తిరిగొచ్చి, తెల్లవారుజామున లేచి దింపేస్తానని చౌడప్ప మాటిచ్చాడు.

తల్లి ఆదెమ్మ, భార్య, కూతురు నాగేంద్రమ్మ, చద్దిమూట. అందరూ వీధిలోకి రాగానే ఎదురింటి రంగయ్య అందుకున్నాడు.

"అమావాస్య పూట ఆడోళ్లను ఏసుకోని యాడికప్పా?"

"పున్నమికి పోతాలే. ఆ పొద్దు నువ్వొచ్చి నా గుంతలో కూచో."

రైలు కదిలిందో లేదో ఆదెమ్మ మొదలుపెట్టింది. "ఒరే చౌడా, పెనుగొండలో దిగాలరా."

"ఎందుకు?"

"ఎందుకేంది! టికెట్టు పెట్టి పోతా ఒక్క రాట్నం చూసి వస్తారా యాడన్నా? బాబయ్య దర్గాలో చక్కెర మొక్కు ఉండిపోయింది. నీకు అమ్మోరు పోసినప్పటిది."

"ఆ అమ్మోరు మచ్చలు కూడా మానిపోయిండాయి కదమ్మా!"

"మచ్చలు మానితే మొక్కు మానుతాదేమిరా?"

దిగారు. దర్గాలో చక్కెర చదివించారు. ఆదెమ్మ పక్కూరి ముసలామెతో కూర్చుని కోడళ్ల కథలు విప్పింది. నీలావతి గాజుల దగ్గర ఆగింది. నాగేంద్రమ్మకు కోటగుమ్మం చూడాలి. అది చూశాక దాహం. అది తీరాక చద్దిమూట. వచ్చిన ప్రయాణంలో వీసమెత్తు కూడా వృథా కానివ్వకూడదని వాళ్లకు పట్టుదల. చౌడప్ప అరుగుమీద కూర్చుని రైలు వైపు చెవి పెట్టాడు. అతని కాళ్ల కింద మట్టిలో రెండు చిన్న గుంతలు పడ్డాయి.

"నాయనా, నువ్వు ఈడ గూడా గుంత తవ్వినావు" అని కూతురు పకపకా నవ్వింది. అతనికి నవ్వు రాలేదు.

హిందూపురం చేరేసరికి పొద్దు వాలింది. బెల్లం మండీల వాసన మధ్య నుంచి అతను ముందు పరుగు, వెనక ముగ్గురు. మైదానంలోకి అడుగుపెట్టగానే రాట్నం కనిపించింది. కాగితంలో కన్నా పెద్దది. తిరగడం లేదు.

దాని కింద లుంగీ ఎగ్గట్టుకుని అమీర్‌సాబ్ కూర్చున్నాడు. రాట్నం అతనిదే. ముందు ఒక బూడిద గుమ్మడికాయ, దారానికి గుచ్చిన నిమ్మకాయలు.

"ఏమన్నా, తిప్పవా?"

"ఈ పొద్దు అమావాస్య కదప్పా. చక్రం నిలిపేస్తాము. దిష్టి తీసి, దీపాలు పెట్టినాక తిప్పేది."

"నువ్వు సాయిబువు. నీకు అమావాస్యేంది?"

"నాకు ల్యాకపోతే రాట్నానికి ఉండాది. అది మీ దాంట్లోనే పుట్టిందో ఏమో, నేనడగల్యా."

దీపాల వేళకు ముందే ధర్మవరం రైలు. అదే ఆఖరుది. తన మగ్గం నిలిచే రోజునే ఇదీ నిలుస్తుందని చౌడప్పకు తోచనేలేదు.

"రంగయ్య మామ నోరు మంచిది కాదు" అంది నీలావతి. "పోదాం పా, ఇంగేముంది."

అప్పుడే అమీర్‌సాబ్ తలెత్తి పైతొట్టి వైపు విసుగ్గా చూశాడు. నిమ్మకాయలు అక్కడ కట్టాలి. కట్టేదాకా చక్రం కదపకూడదు. కట్టేవాడు పొద్దున ఊరికి పోయి ఇంకా రాలేదు. అమీర్‌సాబ్‌కు మోకాలు వాచి ఉంది.

"నేను కడతా" అన్నాడు చౌడప్ప.

"పడితే ఎముకలు మిగలవప్పా."

"దారం కట్టేది నాకు కొత్తనా?"

ఆదెమ్మ తిట్లు కింద వినపడుతుండగానే అతను ఇనుప కమ్ములు పట్టుకుని ఎక్కాడు. నిమ్మకాయలు కట్టాడు. దిగాల్సింది. దిగకుండా తొట్టిలో కూర్చున్నాడు.

పెంకుటిళ్లు, మిద్దెలు, ఎండిన చెరువు, అవతల ఎర్రమట్టి. గొప్పగా ఏమీ లేదు. కాని అన్నీ ఒకేసారి కనిపిస్తున్నాయి. మనుషుల తలలు కనిపిస్తున్నాయి. కాళ్లు గాలిలో వేలాడుతున్నాయి. కింద తొక్కడానికి ఏమీ లేదు. అవి ఆగిపోయాయి. అతను వాటివైపు వింతగా చూసుకున్నాడు.

అంతలో బెంగళూరు వైపు నుంచి సన్నగా పొగ. రైలు. ఆ మైదానంలో అది అతనికొక్కడికే తెలుసు. ఇప్పుడు అరిస్తే నీలావతి మూట ఎత్తుకుంటుంది, పరిగెడితే అందుతుంది. మూరెడు నేత, సావుకారు మొహం, వచ్చే పడుగు, అన్నీ గుర్తొచ్చాయి. నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు. పొగ స్టేషను దాకా వచ్చింది, ఆగింది, కూత వేసి పోయింది.

కూత విని కింద నీలావతి తల బాదుకుంది.

దీపాలు పెట్టాక రాట్నం తిరిగింది. అమీర్‌సాబ్ చౌడప్ప ఇంటివాళ్లందరినీ ఊరికే ఎక్కించాడు. కోడలిని తిడుతూ ఎక్కిన ఆదెమ్మ, "ఇంగొక సుట్టు తిప్పప్పా సాయిబూ" అంటూ దిగనంది. చౌడప్ప మాత్రం ఎక్కలేదు.

"దీనికోసరమే కదప్పా నువ్వొచ్చింది?" అన్నాడు అమీర్‌సాబ్.

"నాది అయిపోయింది."

మరునాడు మధ్యాహ్నపు రైలు పెనుగొండ దాటాక నీలావతి మెల్లగా అడిగింది. "పైనుంచి రైలు కనపడల్యా నీకు?"

"కనపడింది."

ఆమె ఖాళీ చద్దిమూట గుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకుంది. "పడుగు పోతాది."

"పోతాది."

"ఏం తింటాము?"

ఆమె దృష్టి అతని కాళ్లమీద పడింది. నిన్నటి నుంచీ కదల్లేదు అవి. రాత్రి స్టేషను అరుగుమీద కూడా ఆమెను తన్నలేదు.

ధర్మవరం సిగ్నలు దగ్గర రైలు ఆగింది. మగ్గాల చప్పుడు అక్కడికే వినిపిస్తోంది. చౌడప్ప కుడికాలు ఒకసారి ఆడింది. తర్వాత ఎడమది.