అయిదుగురికి సరిపడే టైర్లు

నా పాత కారుకి అల్లాయ్ వీల్స్ వేయించిన రోజు నెల్లిమర్లలో మా వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. అలా రాసుకుంటే బాగుంటుంది గానీ, చూసింది ఎదురింటావిడ ఒక్కతే. ఆవిడ కూడా పాలవాడి కోసం వచ్చింది.

ఆ చక్రాలు కొత్తవని కనబడ్డవాళ్లందరికీ చెప్పాను. రాజాంలో ఎవరో కొన్నాళ్లు వాడి తీసేసినవి. నా ఇనుప చక్రాలు తుప్పు పట్టి, అంచుల్లోంచి గాలి దిగిపోతుంటే విజయనగరంలో టైర్ల షాపుకి వెళ్లాను. అక్కడ గోడకి ఆనించిన ఆ నాలుగూ ఎండలో మెరుస్తూ కనిపించాయి. నా వైపు తల తిప్పి చూసేవాళ్లు ఎలాగూ లేరు, చక్రాల వైపైనా చూస్తారు కదా అనిపించింది.

షాపు యజమాని యాభై ఏళ్లవాడు. వరస లేకపోయినా అందరినీ మావా అంటాడు. చక్రం నచ్చితే సరిపోదని ముందే చెప్పేశాడు. వీటి నడిమి కన్నం నా కారులో చక్రం కూర్చునే హబ్ కంటే పెద్దదట. ఆ సందులో రింగు వెయ్యకపోతే వేగం అందుకోగానే స్టీరింగు వణుకుతుందట. పాత నట్లు కూడా వీటి గుంటల్లో సరిగ్గా కూర్చోవు, మూతి ఏటవాలుగా ఉండేవి వేరే కావాలి. ఇవన్నీ నాకు పుట్టినప్పటినుంచీ తెలిసినట్టు తలాడించాను. టైర్లు మాత్రం బాగా వెడల్పువి కావాలన్నాను.

"కార్లో మామూలుగా ఎంతమందెక్కుతారు మావా?" అనడిగాడు.

"అయిదుగురం. ఎప్పుడెల్లినా అయిదుగురమే," అన్నాను.

అయితే వెడల్పువి వద్దన్నాడు. అంత బరువుకి కారు కిందికి దిగితే మలుపుల్లో టైరు మడ్‌గార్డుకి రాసుకుంటుంది. పాత టైరు ఎత్తుకి సమానంగా ఉండి, ఎక్కువ బరువు మోసే గట్టి రకం తీశాడు. గాలి కూడా నిండు బండికి తగ్గట్టు పట్టాడు. బయల్దేరుతుంటే కిటికీ దగ్గరికి వచ్చి, "వంద కిలోమీటర్లు తిరిగి మళ్లీ రా మావా. సెక్రాలు కుదురుకున్నాక నట్లు ఇంకోసారి బిగించాల. మర్సిపోకు," అన్నాడు.

అయిదుగురం అన్నది అబద్ధం కాదు, పాతబడిపోయిన నిజం. ఒకప్పుడు ప్రతి ఆదివారం నలుగురు స్నేహితుల్ని ఎక్కించుకుని రాజాం వెళ్లి టిఫిను తినేవాళ్లం. ఇడ్లీ కోసం అంత దూరమా అని ఇళ్లల్లో తిట్టేవారు. వాళ్లలో ముగ్గురు ఇప్పుడు లేరు. నాలుగోవాడు నా పక్క సీటువాడు. తలుపు ధడాలున వేస్తాడు, అదొక్కటే వాడి లోపం. ఒక ఆదివారం హోటలు ముందు పదిమంది వింటుండగా దానికే కసిరాను. "ఇంక నీ తలుపు ముట్టుకోన్రా బావా," అనేసి వాడు బస్సెక్కాడు. ఆ తర్వాత కోటబొమ్మాళిలో తమ్ముడింటికి మారిపోయాడు. బావా అన్నది నేను చేర్చుకున్నాను. ఆ రోజు ఆ మాట అనలేదు.

వంద కిలోమీటర్లు తిరగమంటే నేనెక్కడికి తిరుగుతాను? నా కారుకి తెలిసిన ఊళ్లు కూరల బజారూ, మందుల షాపూ. కోటబొమ్మాళి వెళితే, అక్కడికి చేరేసరికే వంద నిండిపోతుంది. ఆ సంగతి తెలిసి కూడా నెల్లిమర్లకీ విజయనగరానికీ మధ్య పనీపాటా లేకుండా అటూ ఇటూ తిరిగాను. అయిదుగురికి పట్టిన గాలి మీద ఒక్కణ్ణే కూర్చుంటే రోడ్డు మీది ప్రతి గతుకూ నడుముకి తెలిసొచ్చింది. పక్క సీట్లో పెట్టిన గొడుగు ఎగిరి కింద పడేది. ఆపి, తీసి, మళ్లీ అక్కడే పెట్టేవాణ్ణి.

వంద ఎలాగో నింపి, షాపుకెళ్లి, పనికిరాని టైర్లు అంటగట్టావని దబాయించాను. అతను ముందు నట్లు బిగించాడు. లేచి వెనక అద్దంలోంచి లోపలికి చూశాడు. సీటు మీద దుమ్ము పేరుకుపోయి ఉంది.

"ఏటి మావా, ఆ నలుగురూ ఏరీ?"

ఎన్ని కోతలైనా కొయ్యగలను గానీ, అప్పుడు ఒక్కటీ నోటికి రాలేదు. "ఎవులూ లేర్రా. నానొక్కణ్ణే," అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కింద కూర్చుని ఒక్కో టైరులోంచీ కొంచెం కొంచెం గాలి తీశాడు. అతను నాలుగోదాని దగ్గరికి వెళ్తుంటే ఎందుకో నోరు జారాను.

"ఇద్దరికి సరిపడా ఉంచు."

"ఒకలికైనా ఇద్దరికైనా అదే గాలి మావా. మార్సక్కర్లేదు," అన్నాడు తలెత్తకుండా.

అటునుంచి అటే శ్రీకాకుళం రోడ్డెక్కి, కోటబొమ్మాళి వెళ్లి, వాడి ఇంటి ముందు హారను కొట్టానని రాయాలని ఉంది. రాశాను కూడా. మళ్లీ ఆ వాక్యం కొట్టేశాను. నేరుగా ఇంటికే వచ్చాను. దారంతా కారు మెత్తగా నడిచింది, గొడుగు ఉన్నచోటే ఉంది.

ఇంటి ముందు ఆపాక గొడుగు తీసి వెనక సీట్లో పడేశాను. అటు వైపు వెళ్లి, పక్క సీటు తలుపు బార్లా తీసి, వాడిలాగే ధడాలున వేశాను. ఇంకోసారి వేశాను. తలుపుకి ఏమీ కాలేదు.