మిల్లు నుంచి వచ్చిన చుక్కల పుస్తకాలు

నలభై దాటేవరకు నాకు రాయడం రాదు. ఐదో ఏట అమ్మవారు పోసి చూపు పోయింది. వెలుతురు ఎటుందో తెలుస్తుంది, గుమ్మంలో ఎవరైనా నిలబడితే ఆ మేరకు మసక కడుతుంది, అంతే. తమ్ముడికి అక్షరాభ్యాసం చేసిన రోజు నాన్న నన్నూ ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నా వేలు పట్టుకుని పళ్ళెంలో బియ్యం మీద రాయించాడు. బడికి తీసుకెళ్తే అక్కడి పంతులుగారు కాదనలేదు. "కూర్చోబెట్టండి, వింటుంది" అన్నారు. విన్నాను. ఎక్కాలు, పద్యాలు వచ్చేశాయి. పలక మాత్రం ఎవరూ చేతికివ్వలేదు. ఇచ్చి ఏం చేయించాలో వాళ్ళకూ తెలియదు. కొన్నాళ్ళకు అమ్మ వంటింట్లో సాయానికని మాన్పించింది.

తొంభైల మొదట్లో మా ఊరికి ఒక మాస్టారు రావడం మొదలుపెట్టారు. ఆయనకూ చూపు లేదు. తణుకులో ఒక అద్దె ఇంట్లో చూపులేనివాళ్ళ కోసం నడిచే కేంద్రంలో ఆయన పని చేసేవారు. గురువారం గురువారం బస్సు దిగి, తెల్లకర్ర చప్పుడు చేసుకుంటూ మా అరుగు మీదకు వచ్చేవారు. మొదటిరోజు నా కుడిచేతి చూపుడువేలు తడిమి చూశారు.

"ఏంటమ్మా ఇది, వేలా, అట్లకాడా?"

"వంట చేస్తానండి."

"చారు మరిగిందో లేదో దీంతోనే చూస్తావా?"

"అవునండి."

"ఇకనుంచి ఎడమచెయ్యి కాల్చుకో. ఇది నాకు కావాలి."

గుమ్మం వెనక మా తమ్ముడి భార్య పకపకా నవ్వింది. ఆ రోజు నుంచి పొయ్యి దగ్గర నన్ను చూసినప్పుడల్లా, "వదినగారూ, ఆ వేలు మాస్టారిదండి, జాగ్రత్త" అని ఏడిపించేది.

చుక్కల చదువు అలా మొదలైంది. ఆరు చుక్కల్లో ఏవి ఉబ్బి ఉన్నాయో వేలితో పోల్చుకుంటే అక్షరం తెలుస్తుంది. రాయడానికి రంధ్రాల పలక, పొట్టి పిడి ఉన్న సూది. కుడి నుంచి ఎడమకు పొడుచుకుంటూ పోయి, కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదవాలి. మొదట్లో నా వేలికి అన్నీ ఇసుకరేణువుల్లా ఒక్కలాగే తగిలేవి. ఒకరోజు హఠాత్తుగా మా అమ్మ పేరు చదివాను. నేనే రాసి, నేనే చదివాను. మాస్టారు నా చేతిలో ఇంకో కాగితం పెట్టారు.

తర్వాత నేనే బస్సెక్కి కేంద్రానికి వెళ్ళడం నేర్చుకున్నాను. అప్పట్లో అక్కడ పొద్దుట నుంచి సందడిగా ఉండేది. ముందు గదిలో మగవాళ్ళు ఆఫీసుల కుర్చీలకు పేము అల్లేవారు. వెనక పెరట్లో కర్రతో నడవడం నేర్పేవారు. నెలకోసారి కళ్ళ డాక్టరుగారు వచ్చి, కొంచెం చూపున్న పిల్లలకు అద్దాలు పెట్టి చూసేవారు. మూల గదిలో పుస్తకాలుండేవి. చూపున్నవాళ్ళు ఒంటిచేత్తో పట్టుకునే నవల మాకు నాలుగు లావుపాటి సంపుటాలవుతుంది. ఒకటి తిరిగిచ్చేస్తే మరొకటి ఇచ్చేవారు.

అలా ఒక నవల మొదలుపెట్టాను. అత్తవారింటి నుంచి చెప్పాపెట్టకుండా బయల్దేరిన ఒక కోడలి కథ. రెండో సంపుటం ఆఖరి పేజీలో ఆమె ఏదో స్టేషన్లో దిగి, వాననీళ్ళు ఓడుతున్న చీరతో ఒక ఇంటి తలుపు కొడుతుంది. ఆ ఇల్లెవరిదో మూడో సంపుటంలో ఉంది.

మూడో సంపుటం నాకు అందలేదు. ఆ సరికే కేంద్రం సన్నగిల్లుతూ వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాక పేము అల్లించుకునేవాళ్ళు తగ్గారు, ముందు గది ఖాళీ అయింది. డాక్టరుగారు రావడం మానేశారు, అద్దాలు కావలసినవాళ్ళను రాజమండ్రి వెళ్ళమన్నారు. మాస్టారు ఊళ్ళకు రావడం ఆగిపోయింది. రోజూ తెరిచే తలుపు వారానికి మూడు రోజులు, తర్వాత ఒక రోజు. నడిపే కమిటీలో ఒక పెద్దాయన మంచివారే. ఒకసారి నాతో, "ఇప్పుడు క్యాసెట్లు వచ్చేశాయి కదమ్మా, ఈ చుక్కలతో వేళ్ళు అరగదీసుకోవడం ఎందుకు?" అన్నారు. క్యాసెట్ వింటానండి, దాంతో రాయలేను కదండీ అన్నాను. "అదీ నిజమే" అన్నారు, నిజంగానే ఆలోచించి. అయినా ఏమీ మారలేదు.

నేను రెండో సంపుటం సంచిలో పెట్టుకుని వెళ్ళిన రోజు తలుపుకు తాళం తగిలింది. ఇంటివాళ్ళు ఇల్లు ఖాళీ చేయించారట. మాస్టారు తన ఊరు నిడదవోలు వెళ్ళిపోయారట. పుస్తకాలను ఆ కమిటీ పెద్దాయన తన బియ్యం మిల్లు గోడౌన్లో పెట్టించారట. ఇవన్నీ పక్క కిళ్ళీకొట్టతను చెప్పాడు.

మరదలు అప్పుడే అంది. "ఆ నవల మామూలు పుస్తకం దొరక్కపోదు వదినగారూ, నేను చదివి వినిపిస్తా."

"వద్దమ్మాయ్. నా వేలితోనే చదువుకుంటాను. నీకెక్కడైనా కథ తెలిసినా నాకు చెప్పకు."

చూపు పోయినప్పటి నుంచి నాకు తెలిసినదంతా ఎవరో ఒకరు చెప్తేనే తెలిసింది. ఆ ఒక్క తలుపు వెనక ఎవరున్నారో నాకై నేను తెలుసుకోవాలని ఉండేది. మిల్లుకు కబురు చేస్తూనే ఉన్నాను. పెద్దాయన ఊళ్ళో లేరనేవారు, తాళంచెవి గుమస్తా దగ్గరుందనేవారు. వానాకాలాలు గడిచిపోయాయి. చివరికి మా తమ్ముడు ధాన్యం తోలడానికి అదే మిల్లుకు వెళ్ళి, వస్తూ వస్తూ పుస్తకాలన్నీ ట్రాక్టరులో వేసుకొచ్చేశాడు.

"అక్కా, ఒక్క కాగితం చెడలేదే! ఆ గుమస్తా ఎంత జాగ్రత్తపరుడంటే, చెమ్మ తగలకుండా చెక్కల మీద పడుకోబెట్టి, కొబ్బరితాడుతో గట్టిగా కట్టించాడు. ఎలకలు దూరకుండా పైన బియ్యం బస్తాలు వేయించాడు" అన్నాడు తమ్ముడు, కట్టలు దించుతూ.

మూడో సంపుటం వెతికిమ్మన్నాను. అట్ట మీది సంఖ్య చూసి చేతికిచ్చాడు. తెరిచి వేలు పెట్టాను. వట్టి కాగితం తగిలింది. ఇంకో పేజీ తిప్పాను. మధ్యలో తెరిచాను. అంచుల్లో అక్కడక్కడ ఒక చుక్క తగిలి, పక్కది తగలకుండా పోతోంది. చుక్కల పుస్తకాలను నిలబెట్టే ఉంచాలి. ఒకదాని మీద ఒకటి వేసి బరువు పెడితే చుక్కలు అణిగిపోతాయి. ఈ సంగతి మాస్టారికి తెలుసు, నాకు తెలుసు. గుమస్తాకు ఎవరు చెప్తారు? తన ఇంట్లో పుస్తకాలనైనా అతను అలాగే దాచి ఉంటాడు.

"ఏంటక్కా, ఏమైంది?"

తమ్ముడి వేలు పట్టుకుని ముందు నేను రాసిన కాగితం మీద పెట్టాను. తర్వాత ఆ పేజీ మీద.

"ఇది సాపుగా ఉందేంటి?" అన్నాడు. కాసేపటికి అర్థమైంది. "అయ్యో, బస్తాలు..." అని అరుగు మీద కూలబడ్డాడు.

"నువ్వు తెచ్చావు కదరా. లే, కాళ్ళు కడుక్కో" అన్నాను.

ఆ రాత్రి భోజనాలకు కూర్చున్నాం. మరదలు మజ్జిగ పోస్తూ ఉన్నట్టుండి అంది.

"వదినగారూ, ఆ ఇల్లెవరిదో నాకు తెలుసండి."

"ఏంటీ?"

"పక్కింటి టీచరుగారి దగ్గర ఆ నవల ఉంది. నేనెప్పుడో చదివేశా."

"ఎప్పుడో అంటే?"

"పోయిన వేసవిలో."

"ఇన్నాళ్ళూ ఒక్క ముక్క అనలేదే!"

"మీరేగా చెప్పొద్దన్నారు! కడుపుబ్బి చచ్చాననుకోండి. మీరు గుమ్మంలో కూర్చుని ఆ ఇల్లు తల్లిదో, స్నేహితురాలిదో అని తర్కిస్తుంటే, నేను వంటింట్లో నోట్లో కొంగు కుక్కుకునేదాన్ని."

తమ్ముడు ముందు నవ్వాడు. తర్వాత నాకూ నవ్వొచ్చింది. "ఇప్పుడు చెప్పమంటారా?" అంది. అడ్డంగా తలూపాను. రాత్రంతా ఆ తలుపు గురించే ఆలోచించాను.

మర్నాడు పొద్దున్నే గోడకున్న ఎరువుల కొట్టు పాత క్యాలెండరు దింపించి, ఆ దళసరి కాగితాలను తమ్ముడి చేత పలకకు సరిపడా కోయించాను. మరదల్ని టీచరుగారింటికి పంపి నవల తెప్పించాను. ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. నవల్లో ఆ కోడలు తలుపు కొట్టిన చోటు వెతికి, ఒక్కో మాటా ఆపి ఆపి చదవమన్నాను. "తలుపు తీసిన మనిషి చేతిలో..." అని చదివి మరదలు ఆగింది. సూదితో ఆ మాటలు పొడిచాను. "ఊఁ, తర్వాత" అన్నాను.

సగం కాగితం అయ్యేసరికి పాలవాడు కేకేశాడు. మరదలు గిన్నె తీసుకుని లేచింది. నేను కాగితం తిప్పి, మొదటి వరుస మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాను.