గుమ్మడి పిందెలు

భాద్రపద అమావాస్య, పెత్రమాస నాటి ఉదయం మా అమ్మాయి తట్ట నిండా గుమ్మడిపూలు తెచ్చి వాకిట్లో దించింది. ఆ సాయంత్రమే మొదటి బతుకమ్మ. దానికప్పుడు ఏడేళ్లు. షాద్‌నగర్ శివారులో మేముండే వీధిలో గుమ్మడితీగ ఒక్కచోటే ఉంది, ఎదురింటి పెద్దమ్మ పెరటి కంచె మీద.

తట్టలో చేయి పెట్టి చూశాను. గుమ్మడికి రెండు రకాల పూలు పూస్తాయి. సన్నటి కాడ మాత్రమే ఉండేది మగపువ్వు, అది కాయ కాయదు. కింద చిన్న ఉండలా పిందె ఉండేది ఆడపువ్వు. తట్టలో పిందెలతో ఉన్నవి చాలానే కనిపించాయి.

"ఎదురింటి అవ్వను అడిగినవా బిడ్డా?"

"లే నాయినా. అవ్వ ఇంక లేవలే."

తంగేడు కట్టలు సవరిస్తున్న మా అమ్మ తలెత్తకుండానే అంది. "దేవునికి తెంపితే దొంగతనమెట్లయితదిరా? మా చిన్నప్పుడు ఎవల చెల్కల కనిపిస్తే ఆ చెల్కల తెంపుకొచ్చినం."

"తంగేడు ఎవలూ నాటలే అమ్మా. గుమ్మడి ఆమె నాటింది."

"సాల్తియ్. పండుగపూట పిల్లను ఏడిపియ్యకు."

అంతలోనే ఎదురింటి నుంచి కేక వినిపించింది. "ఎవల చేతులు పడ్డయే నా తీగ మీద! పిందెలేం పాపం జేసినయ్!"

మా అమ్మాయి తలుపు వెనక్కి పోయింది. ఆ ఇంట్లో పెద్దమ్మ ఒక్కతే ఉంటుంది. బడి నుంచి రాగానే ఇది అక్కడికే పరుగెత్తేది. మురుకులు తినడం, కోళ్లకు గింజలు వేయడం, చీకటి పడ్డాక ఇల్లు చేరడం దాని దినచర్య. ఆ సాయంత్రం పెద్దమ్మ గేటుకు గొలుసు వేసింది. బతుకమ్మ ఆడేచోట కూడా దీని వైపు చూడలేదు.

"అవ్వ నన్ను ఇంక రానియ్యదా?" పడుకోబోయే ముందు అడిగింది. తెలియదని చెప్పాను.

నేను విత్తనాల కంపెనీలో నాణ్యత విభాగంలో పనిచేస్తాను. ఎక్కడైనా తప్పు దొరికితే మూడు విషయాలు రాయాలి: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎలా సరిచేస్తాం. ఈ మూడింటిలో తిట్టు లేదు. ఇంట్లోనూ అదే పద్ధతి పాటించాలని నా ప్రయత్నం. మొదటి రెండూ అమ్మాయికి తెలుసు. మూడోదానికోసం మర్నాడు పొద్దున్నే ఇద్దరం గేటు దగ్గర నిలబడ్డాం.

"అవ్వా, పూలు నేనే తెంపిన. నిన్ను అడగలే."

"తెంపినవ్. ఇప్పుడేం జేస్తవ్, అతికిస్తవా?"

అది నా వైపు చూసింది. గద్వాల వైపు విత్తన పత్తి చేలలో మగ మొక్కల పుప్పొడిని ఆడ మొక్కల పూలకు చేత్తో అంటిస్తారు. ఆ పనిని తనిఖీ చేయడమే నా ఉద్యోగంలో సగం. గుమ్మడికీ అది పనికొస్తుంది. కొత్తగా పూసే ఆడపూలకు రోజూ పొద్దున అమ్మాయి చేత అలా చేయిస్తానన్నాను.

"తేనెటీగలకు సెలవిచ్చినవా కొడుకా?" అంది పెద్దమ్మ. గొలుసు తీసింది. "రానియ్. తీగ తొక్కితే మాత్రం కాళ్లిరగ్గొడ్త."

మొదటిరోజే మా అమ్మాయి ఒక మగపువ్వును తెచ్చి ఇంకో మగపువ్వుకు అంటించింది.

"గదేందే, ఇద్దరు పెండ్లికొడుకులకు లగ్గం జేస్తున్నవ్?" అంది పెద్దమ్మ. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. పని కాగానే గేటు మూసేది. సాయంత్రాలు గొలుసు అలాగే ఉండేది.

గుమ్మడిపూలు తెల్లవారుతూ విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుంటాయి. ఒకరోజు నేను లేవలేకపోయాను. మా అమ్మే పిల్లను తట్టి లేపడం వినిపించింది. "లెవ్వు, పూలు ముడుసుకపోతయ్." దేవుడి మాట మళ్లీ ఎత్తలేదు.

కొన్ని పిందెలు నిలిచాయి. కొన్ని పసుపుపచ్చబడి రాలిపోయాయి. రాలినవాటిని అమ్మాయి అరచేతిలో పెట్టుకుని వచ్చి, "మళ్ల తప్పు జేసిన్నా?" అని అడిగింది. అన్నీ సరిగ్గా చేసినా కొన్ని రాలతాయని చెప్పాను. అడగకుండా తెంపడం తప్పని చెప్పడం సులువే. ఇది చెప్పడానికి చాలాసేపు పట్టింది. నిలిచిన పిందెల్లో తేనెటీగలవి కూడా ఉంటాయన్నాను. ఆ మాట మాత్రం అమ్మాయి ఒప్పుకోలేదు.

చలి మొదలైన ఒక సాయంత్రం పెద్దమ్మ కొడవలి పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. నన్ను పిలవలేదు, మా అమ్మను పిలవలేదు.

"ఓ పిల్లా! కంచె మీది పెద్దకాయ కొయ్యాల్నా?"

మా అమ్మాయి చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటింది. కాయ మీద గోరు గుచ్చింది, తొడిమ పట్టి చూసింది.

"ఇంక పచ్చిగనే ఉన్నది అవ్వా. తొడిమ ఎండాలె."

"మరి రేపు కూరకేం జెయ్యాలె?"

"వేరేది వండుకో."

పెద్దమ్మ కొడవలిని కంచెకు తగిలించి లోపలికి నడిచింది. గేటు మూయలేదు. కాసేపటికి కోళ్లను పిలుస్తున్న మా అమ్మాయి గొంతు వినిపించింది.