నీలం మాటలు మాయమైన పూతకాలం

ఇవాళ పొద్దున గ్యాసు బండ ఎప్పుడొస్తుందో తెలుసుకుందామని ఫోను తెరిచాను. నేను అడిగినదానికి తప్ప మిగతా అన్నిటికీ జవాబు చెప్పి, చివర్లో అదే నన్నొక ప్రశ్న వేసింది, ‘ఈ సమాచారం మీకు ఉపయోగపడిందా?’ అని. దాని కింద రెండు బొటనవేళ్ళు, ఒకటి పైకి, ఒకటి కిందికి. ఉపయోగపడలేదు. అయినా నా వేలు పైకెత్తిన బొటనవేలి మీదికే పోయింది. అంత మర్యాదగా అడుగుతుంటే మొహం మీద లేదని ఎలా అంటాం? నొక్కబోతూ ఆగాను. ఈ మర్యాదతోనే ఒక ఏడాది మా చిన్నరసాల మామిడితోట పూతంతా పోగొట్టాను. అయిదారేళ్ళయింది. ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మా ఆయనకి కూడా సగమే తెలుసు.

నాకు అక్షరాలు యాభై రెండో ఏట వచ్చాయి. అంతకుముందు రాలేదన్న బెంగ కూడా పెద్దగా ఉండేది కాదు. మా రెడ్డిగూడెం వైపు కాయ చేతిలోకి తీసుకుని అది ఏ చెట్టుదో చెప్పగలిగితే ఆ మనిషికి తెలివుందని అనుకునేవాళ్ళు, ఆ తెలివి నాకుంది. చర్చి పక్క వీధిలో ఉద్యోగం అయిపోయి ఇంటిపట్టునే ఉంటున్న టీచరమ్మగారు ఒకరు ఉండేవారు. మధ్యాహ్నాలు ఊరికే కూర్చోలేక మమ్మల్ని నలుగురు ఆడవాళ్ళని వరండాలో కూర్చోబెట్టి పలకలు చేతికిచ్చారు. ఆవిడకి ఓపిక ఎక్కువ, చూపు తక్కువ. నేనేం గీసినా ‘బాగుందమ్మా’ అనేవారు. ఆ తర్వాత చదువంతా కాయలు మాగేసే గదిలో సాగింది. గడ్డి మీద పరిచే పాత పేపర్లు అక్కడ గుట్టలుగా పడి ఉండేవి. కాయలు తిప్పొస్తానని వెళ్ళి, చెయ్యి కాయ మీద, కళ్ళు పేపరు మీద పెట్టుకుని, వంటింట్లో పాలు పొంగిపోయేదాకా కూర్చునేదాన్ని. నాకు తెలిసిన లోకవార్తలన్నీ ఏడాది పాతవి, సొన మరకలు పడినవి. ఎవరో మంత్రిగారి పదవి పోయిందని చదివి నేను బాధపడుతుంటే, ‘ఆయన మళ్ళీ మంత్రయి కూడా ఆర్నెల్లయిందే,’ అని మా ఆయన పడీపడీ నవ్వారు.

మా ఆడపడుచు కూతురు అప్పట్లో హైదరాబాదులో ఉద్యోగం చేసేది. ఏం ఉద్యోగమే అంటే ‘పేజీలు కడతాను అత్తయ్యా,’ అనేది. దండలు కడతారు, మూటలు కడతారు, పేజీలు కట్టడమేంటో నాకు అంతుపట్టేది కాదు. ఆ ఏడాది కార్తీకం వెళ్ళాక ఒక ట్యాబు పట్టుకుని మా ఇంటికొచ్చింది. మామిడి రైతులకి కావలసిన పాఠాలూ, సందేహాలకి జవాబులూ అందులో పెట్టారట. ఇంకా అందరికీ ఇవ్వలేదు, ముందు మాబోటి పదిమంది ఆడవాళ్ళ చేత చదివించి చూస్తున్నారు.

‘‘పుస్తకం అందరికీ ఒకేలా ఉంటుంది అత్తయ్యా. ఇది చదివే మనిషిని బట్టి మారుతుంది. నీకు వచ్చేసిన సంగతి పక్కన పెట్టేసి, రానిది ముందుకి తెస్తుంది. నువ్వెక్కడ ఆగావో, ఎక్కడ వెనక్కి తిరిగావో అంతా కనిపెట్టుకుని ఉంటుంది.’’

‘‘అయితే అచ్చం మీ అమ్మే. నేను కాపరానికొచ్చిన కొత్తలో వంటింటి గుమ్మంలో నిలబడి అలాగే కనిపెట్టేది.’’

‘‘మా అమ్మ తప్పులు మాత్రమే చూస్తుంది. ఇది సాయం కూడా చేస్తుందిలే,’’ అని నవ్వి, ట్యాబు నా ఒళ్ళో పెట్టింది.

అందులో కొన్ని మాటలు నీలం రంగులో ఉండేవి. వాటి మీద వేలు పెడితే ఇంకో పేజీ తెరుచుకునేది. ఆ పేజీలో మళ్ళీ నీలం మాటలు. తేనెమంచు పురుగు అన్న చోట వేలు పెడితే పురుగు బొమ్మ, పురుగు బొమ్మ మీద పెడితే అది ఎక్కడ దాక్కుంటుందో, అక్కడినుంచి మందు ఎలా కలపాలో. ఒక చుట్టాలింటికి పోయి, వాళ్ళు చెబితే ఇంకో చుట్టాలింటికి, అక్కడినుంచి మరో ఇంటికి పోయినట్టుండేది. బయల్దేరింది ఎందుకో మర్చిపోయినా, ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపేవాళ్ళు. చదువు ఇంత దయగా కూడా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ ధైర్యంతోనే ఒక పెద్ద మాట అనేశాను. మా వైపు చాలామంది తోటని మొగ్గ పడకముందే వ్యాపారస్తుడికి అప్పజెప్పేస్తారు. అక్కడినుంచి మందులు కొట్టుకోవడం, కాపలా, కోత అన్నీ ఆయనవే. మన తోటలో మనమే చుట్టపుచూపుగా తిరుగుతాం. మేమూ పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే. ఏ మందు ఎప్పుడు కొడతారో మా ఆయనకి కూడా సరిగ్గా తెలియదు. ఆ ఏడు వ్యాపారస్తుడి మనిషి వచ్చి వెళ్ళాక మా ఆయనతో, ‘‘ఈసారి ఇవ్వొద్దు. తోట నేను చూసుకుంటాను,’’ అన్నాను.

‘‘మందులవీ ఎవరు చెబుతారు?’’

‘‘ఇది చెబుతుంది. నేను చదువుతాను.’’

ఆయన ట్యాబు వంక చూశారు, నా వంక చూశారు. ‘‘సరే కానీ,’’ అన్నారు. మా ఇంట్లో ఒక పెద్ద విషయం నా మాట మీద తేలడం అదే మొదలు.

పాఠం అయిపోగానే అది ‘అర్థమైందా?’ అని అడిగేది. కింద రెండు గళ్ళు, ఒకదాంట్లో ‘అర్థమైంది’, రెండోదాంట్లో ‘మళ్ళీ చెప్పు’. ఆ రెండో గడి నేను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. మేం పెరిగిన తీరే అంత. డాక్టరుగారు అడిగినా, ఆఫీసులో గుమస్తా అడిగినా ‘అర్థమైందండీ’ అనే అంటాం. బయటికొచ్చాక ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని ‘ఏమన్నాడేంటి?’ అని అడుక్కుంటాం. పైగా ఇది మా పిల్ల రాత్రింబవళ్ళు కష్టపడి చేసింది. దాన్ని పట్టుకుని నాకు రాలేదంటే పిల్లని అన్నట్టుండదూ? అందుకని సగం అర్థమైనా, పావు అర్థమైనా, అర్థమైందనే నొక్కేదాన్ని. కావాలంటే మళ్ళీ వచ్చి చూసుకోవచ్చు, ఎక్కడికి పోతుంది అనుకున్నాను.

అలా మళ్ళీ చూసుకుందామని వదిలిన పేజీ ఒకటి ఉంది. అందులో మూడు బొమ్మలు. కొమ్మ చివర గోరంత మొగ్గ, వేలంత కంకి, పూర్తిగా విచ్చుకున్న పూత. ఏ బొమ్మలాగా ఉన్నప్పుడు మందు కొట్టాలో, ఏ బొమ్మలాగా ఉన్నప్పుడు కొట్టకూడదో కింద చిన్న చిన్న మాటల్లో ఉంది. పుష్యమాసంలో మా చెట్లకి మొగ్గ పడింది. పొద్దున్నే తోటలోకి వెళితే పురుగు చిటపటమని లేచి మొహానికి తగిలేది. ఆకులు ముట్టుకుంటే జిగురు. ఇంటికొచ్చి ట్యాబు తీశాను. ఆ పేజీ లేదు. నీలం మాటలు కూడా రోజురోజుకీ తగ్గుతున్నాయని అప్పటికే చూస్తున్నాను గానీ పట్టించుకోలేదు, ఇప్పుడు పేజీ మొత్తానికి ఒకటో రెండో. వాటి చోట ఇలాంటివి వచ్చాయి: ‘పుష్పగుచ్ఛముల వికాస దశను, కీటక సాంద్రతను పరిగణించి అంతర్వాహిక కీటకనాశినిని ఎంపిక చేసుకొనవలెను.’

అక్షరాలన్నీ నాకు తెలిసినవే. మాట ఒక్కటీ తెలియలేదు. వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను. చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోయేదాన్ని. ట్యాబు మారిందన్న ఆలోచన నాకు రానేలేదు. నేనే మారానని, వచ్చిన చదువు పోతోందని అనుకున్నాను. లేటుగా వచ్చినది ఎంతకాలం ఉంటుందిలే అని లోపల ఎప్పుడూ ఒక భయం ఉండేది, అది నిజమైందనుకున్నాను. మాగేసే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఒక పాత పేపరు తీసి చదివి చూసుకున్నాను. బాగానే వచ్చింది. ఇది అలవాటు మీద వచ్చిందిలే, కొత్తది రాదు అనుకున్నాను.

‘‘ఏమంటోందే నీ ట్యాబు?’’ అని మా ఆయన భోజనం దగ్గర అడిగారు.

‘‘రెండ్రోజులు ఆగమంటోంది.’’

‘‘సరే. చదువుకున్నదానివి, నీకు తెలుస్తుంది.’’

ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. ఉంటే బాగుండేది. పోట్లాడుకుని ఉందుము, నిజం బయటపడి ఉండును.

మర్నాడు గుండె చిక్కబట్టుకుని ఆ పిల్లకి ఫోను చేశాను. నేను నోరు తెరిచేలోపే, ‘‘అత్తయ్యా, నీకు నూరేళ్ళు! ఇప్పుడే నీ గురించే చెబుతున్నా మా సారుకి. అందరిలోకీ నువ్వే ముందున్నావు తెలుసా? ఇంత తొందరగా ఎవరూ నేర్చుకోలేదు,’’ అంది. వెనకాల ఎవరో నవ్వుతూ చప్పట్లు కొడుతున్నారు. ‘‘ఏంటి అత్తయ్యా, ఎందుకు చేశావు?’’

‘‘ఏం లేదే. ఒంట్లో బాగుందా అని.’’

పక్క తోటలో మందు మిషను మోత వినబడుతూనే ఉంది. పోయి వాళ్ళనడుగుదామా అని మా ఆయన రెండుసార్లన్నారు. వద్దన్నాను. ఊళ్ళో అందరికీ తెలుసు ఈసారి తోట నేను చూస్తున్నానని. ఇప్పుడు పోయి ఎప్పుడు కొట్టాలండీ అని అడిగితే ఇంకేముంది? రెండ్రోజులన్నది వారమైంది, వారం పది రోజులైంది. రోజూ ఆ పేజీ తెరవడం, కూడబలుక్కోవడం, మూసెయ్యడం. అలవాటు కొద్దీ మూసే ముందు ‘అర్థమైంది’ నొక్కడం. తోటలోకి వెళితే మొగ్గ కంకయింది, కంకి విచ్చుకుంది, నా కళ్ళ ముందే. చేతిలో ఏమీ లేనట్టు నిలబడి చూశాను. చివరికి మా ఆయన నాతో చెప్పకుండానే పక్క తోట వాళ్ళ మనిషిని పిలుచుకొచ్చారు. అతను ఒక కొమ్మ వంచి చూసి, ‘‘ఇప్పుడా బాబాయ్? మొగ్గలో కొట్టాల్సింది. ఇంకేం చేస్తాం, దేవుడి మీద భారం వెయ్యండి,’’ అన్నాడు. నేను గుమ్మం లోపలే ఉండిపోయాను. మరి కొన్నాళ్ళకి పూత నల్లబడింది. మసి పట్టిన కంకులు గాలి లేకుండానే రాలాయి. తోటలో నడుస్తుంటే చెప్పులకి అంటుకుని లేచేవి. ఆ ఏడు మా తోట కాయ మా ఇంటి ఆవకాయకి వచ్చింది, అంతే.

ఫాల్గుణంలో ఆ పిల్ల ట్యాబు తీసుకెళ్ళడానికి వచ్చింది. నాకోసం చీర కూడా తెచ్చింది, అందరిలోకీ ముందున్నందుకు. తోట వైపు చూసి ఆగిపోయింది. సాయంత్రం తన కంప్యూటరు తెరిచి ఒక గీత చూపించింది. నేల నుంచి తాడిచెట్టులా లేచిపోతోంది.

‘‘ఇది నువ్వత్తయ్యా.’’

‘‘నేనెక్కడే అంత ఎత్తు?’’ అన్నాను. అని, ఆ మూడు బొమ్మల పేజీ ఎందుకు తీసేశారే అని మెల్లగా అడిగాను.

‘‘నీకు వచ్చేసిందని అదే పక్కన పెట్టి, ఇంకా పెద్ద మాటలు ముందుకి తెచ్చింది.’’

‘‘వచ్చేసిందని ఎవరు చెప్పారు?’’

‘‘నువ్వే. ప్రతిసారీ అర్థమైందని నొక్కావు గదా.’’

‘‘అడిగింది గదే.’’

‘‘అడిగితే ఉన్నది చెప్పాలి గదా అత్తయ్యా! అది మనిషి కాదు, ఏమీ అనుకోదు.’’

‘‘చేసింది నువ్వు గదే. నువ్వు పక్కన కూర్చుని అడిగినట్టే ఉండేది నాకు.’’

తను నా పక్కకి జరిగి కూర్చుంది. తర్వాత ట్యాబు తీసి, పైన మూల మీద మూడు గీతలు చూపించింది. ‘‘పాత పేజీలు ఎక్కడికీ పోలేదు. వెనక్కి వెళ్ళే దారి ఇక్కడ ఉంచాను.’’

అవి అద్దం మీద పడ్డ గీతలనుకున్నాను. కొంగుతో తుడిచాను కూడా. అదే చెబితే ముందు నవ్వొచ్చింది ఆ పిల్లకి, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ గీతల మీద తను వేలు పెట్టగానే మూడు బొమ్మలూ వచ్చాయి. గోరంత మొగ్గ, వేలంత కంకి, విచ్చుకున్న పూత. అన్నిరోజులూ నా వేలికి అంత దగ్గరలో ఉన్నాయి.

కంప్యూటర్లో మిగతా తొమ్మిదిమంది గీతలు కూడా చూసింది. అన్నీ తాడిచెట్లే. ‘‘అందరూ నీలాంటివాళ్ళే అత్తయ్యా. మేం అడగాల్సింది అర్థమైందా అని కాదు. ఈ మూడిట్లో మందు కొట్టాల్సింది ఏది అని అడగాలి,’’ అంది. తిరిగి వెళ్ళాక అలా మార్చాలని చాలా తంటాలు పడింది. మార్చింది పనిచేస్తుందో లేదో చూడాలంటే ఇంకో పూతకాలం ఆగాలి. వాళ్ళ ఆఫీసు అంతకాలం ఆగలేదు, ఆ పని ఆపేసి తనని వేరే దాంట్లో వేసింది. ఫోను చేసి చెప్పి, ‘‘నా చేతిలో ఏం లేదత్తయ్యా,’’ అంది.

మా ఆయన ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ‘‘పోనీలే, మళ్ళీ ఏడు పుయ్యదా ఏంటి?’’ అన్నారు ఒకసారి, అంతే. పూసింది కూడా, ఆకు కనబడనంతగా. పూతకి ముందే, మార్గశిరంలో, వ్యాపారస్తుడి మనిషి వచ్చి వరండాలో కూర్చుంటే నేనే మజ్జిగ తెచ్చి ఇచ్చాను, మా ఆయన నా వంక చూస్తే లోపలికి వచ్చేశాను. చెట్టుకి పోయిన ఏడాదికి బదులు ఇంకో ఏడాది వస్తుంది. తోట నేను చూసుకుంటాను అన్న మాట నా నోటికి రావడానికి మాత్రం యాభై ఆరేళ్ళు పట్టింది, రెండోసారి రావడానికి అంత కాలం నా దగ్గర లేదు.