రోజూ మిరుగే

మా అమ్మ ఐలమ్మకు పాలంటే ప్రాణం. జ్వరమొస్తే పాలు, దెబ్బ తగిలితే పాలు, పరీక్ష తప్పినా పాలే. మా తమ్ముడు వీరేందర్ పదో తరగతి తప్పి మూలన కూర్చుని ఏడుస్తుంటే, చెంబెడు పాలు తెచ్చి వాడి ముందు పెట్టి, "తాగు, అన్నీ అవే సక్కగయితయి" అన్నది. గుండ్లపోచంపల్లిలో మా ఇంటి వెనక కొట్టంలో ఎప్పుడూ రెండు మూడు బర్రెలుండేవి. నాయిన పోయాక మమ్మల్నిద్దరినీ సాకింది ఆ బర్రెలే. అందుకని పాలను ఎవరైనా ఒక్క మాటంటే అమ్మకు కన్నతల్లిని తిట్టినంత కోపం వచ్చేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం ఆమె. ఆ గుణం నాకూ వచ్చిందని మా ఆయన అంటాడు. అనుకోనీ.

తొంభై ఎనిమిదిలో తమ్ముడికి శామీర్‌పేట గాలయ్య మామ బిడ్డ శైలజను చేసుకున్నాం. కులం ఒకటే, పని వేరు. మాది ఎవుసం, పాడి. వాళ్ళది చెరువు, వల. నన్ను మా సొంతూళ్ళోనే ఇచ్చారు కాబట్టి రెండు గల్లీలు దాటి పొద్దూమాపూ నేను అమ్మగారింట్లోనే ఉండేదాన్ని. కొత్త కోడలు ఎట్లా ఉందో చూడకపోతే నాకు మాత్రం నిద్ర పడుతుందా! శైలజకు నోట్లో నాలుక లేదు. పిలిస్తే పలికేది, పెడితే తినేది, పోస్తే తాగేది.

పెళ్ళైన నెల తిరగకముందే ఒకనాడు పొద్దున కొట్టం దగ్గర గుంజ పట్టుకుని ఓకరించింది. కళ్ళు తిరిగి పేడకుప్ప పక్కనే కూలబడింది. ఇక మా అమ్మను చూడాలి!

"నా కోడలు నీళ్ళోసుకుందే! ఓ నాగమణీ, గా బెల్లం డబ్బ అందుకోవే, జల్దీ!" అని వాడకట్టంతా వినపడేట్టు కేకేసింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పుట్టబోయే మనుమడికి మా నాయిన బాలనర్సయ్య పేరు కూడా పెట్టేసింది. ఇంటింటికీ బెల్లం పంచింది. పెద్ద గ్లాసు నిండా చిక్కటి పాలల్లో మిరియాల పొడి వేసి కోడలికి తాగించింది. పిల్ల మళ్ళీ కక్కింది. "మొదటి కాన్పు గిట్లనే ఉంటది" అని మళ్ళీ పాలు పోసింది. ఆ వారంలోనే శైలజ బయట చేరింది. అమ్మ బెల్లం డబ్బా కడిగి బోర్లించింది.

నెల తప్పలేదు సరే, వాంతులు మాత్రం తగ్గలేదు. తిన్న కాసేపటికి కడుపులో తిప్పడం, నోట్లో నీళ్ళూరడం, కళ్ళ ముందు నల్లగా కమ్ముకోవడం. ఆ పిల్ల తనకు తోచిన ఉపాయాలు తాను చేసుకునేది. కొంగున చింతపండు ఉండ ఒకటి ముడేసుకుని చప్పరించేది. తల తిరుగుతుందనిపిస్తే ఎక్కడున్నా సరే గోడకు వీపు ఆనించి కూర్చుని, తడి గుడ్డ మెడ మీద వేసుకుని, ఏదో ఒక గచ్చు పగులును చూస్తూ ఉండేది. "ఏందే, గోడకు జారగిలబడ్డవ్?" అని అడిగితే, "ఏం లేదొదినే, ఇల్లు నిలబడేదాక సూస్తున్న" అని నవ్వేది.

"పైత్యం" అని అమ్మ తేల్చింది. పైత్యానికి మా ఇంట్లో ఒకటే మందు, సల్ల, అదే మజ్జిగ. పొద్దున సల్ల, పగటేళ సల్లన్నం, మాపటికి మళ్ళీ సల్ల. ఊళ్ళో ఆరెంపీ సుధాకర్ వచ్చి కళ్ళ రెప్పలు దించి చూసి, "రక్తం తక్కువుందవ్వా, పాలు మంచిగ తాపియ్యి" అన్నాడు. అమ్మకు ఏనుగెక్కినంత సంబరం. అప్పటినుంచి సల్లకు తోడు పాలు కూడా మొదలు. దిష్టి తీశాం, తాయెత్తు కట్టించాం. పిల్ల చిక్కి సగమైంది.

విచిత్రం ఏమంటే, తల్లిగారింటికి పోతే శైలజకు ఏ రోగమూ లేదు. శామీర్‌పేట బస్సెక్కిన మర్నాటికే మొహం తేటపడేది. తిరిగొచ్చిన మర్నాడే మళ్ళీ గోడ, తడి గుడ్డ. వాడకట్టు నోళ్ళు ఊరుకుంటాయా? "తల్లిగారింట్ల తిరుగుడు, అత్తగారింట్ల మూలుగుడు. అంత నకరాలు!" అన్నారు. అమ్మ మొదట వాళ్ళను తిట్టింది. వినగా వినగా ఆమె మనసులో కూడా ఆ మాట నాటుకుంది.

అంతలో ఆ కుడితి సంగతి జరిగింది. ఒక పగటేళ అమ్మ కొట్టంలోకి పోయేసరికి శైలజ గ్లాసెడు సల్లను బర్రె కుడితి తొట్టిలో ఒంపుతోంది. చల్లకొచ్చి ముంత దాచడం విన్నాం గానీ, అత్త పోసిన సల్లను బర్రెకు పోసే కోడల్ని చూడటం మా అమ్మకు అదే మొదలు.

"నా సల్ల నీకు కుడితా?" అన్నది. కేక వేయలేదు, మెల్లగా అన్నది. అమ్మ మెల్లగా మాట్లాడితేనే మాకు భయం.

"కాదత్తమ్మా... తాగుతే లోపట నిలుస్త లేదు. మీరు బాధపడతరని..."

"నా ఇల్లే నీకు నిలుస్త లేదు, గది చెప్పు! ఒరేయ్ వీరేందర్, గీమెను తల్లిగారింట్ల దించి రాపో. పెద్దమనుషులను కూసోవెట్టి మాట్లాడుదాం."

వీరేందర్ తల్లి వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు, చెప్పులేసుకున్నాడు. వాడికి ఇంతకంటే తెలియదు. శైలజ బట్టల సంచి పట్టుకుని వాకిట్లో నా చేయి పట్టుకుంది. "వదినే, నేను నకరాలు జేస్త లేను. నువ్వన్న నమ్ము" అన్నది. నమ్మానని చెప్పాను. నిజంగానే నమ్మాను. కానీ రోగం ఏమిటో తెలియకుండా అమ్మ ముందు ఏమని వాదించను? పెద్దమనుషులు కూర్చుంటే ఏం తెగుతుందో మాకు తెలియనిది కాదు. ఆ పిల్ల కాపురం అక్కడితో సరి.

పది పదిహేను రోజులకు గాలయ్య మామ కబురు పంపాడు. పెద్దమనుషులు తర్వాత, ముందు మిరుగు నాడు వచ్చి చాపల కూర తిని పొమ్మని. మిరుగు, అంటే మృగశిర కార్తె, మొదటి రోజు చేప ముక్క తినని ఇల్లు మా దిక్కు ఉండదు. పిలిస్తే పోకపోవడం మర్యాద కాదు. అమ్మ మూతి బిగించుకునే బయలుదేరింది. తోడు నేను.

ఇంట్లో అడుగు పెట్టేసరికి శైలజ వాకిట్లో కొర్రమట్ట చేపలకు బూడిద రాసి తోముతోంది. బుగ్గలు నిండి, కళ్ళు మెరుస్తూ, మేం పంపిన పిల్లేనా అనిపించింది. మమ్మల్ని చూసి గబగబా చేతులు కడుక్కుని, కాళ్ళకు నీళ్ళు తెచ్చింది. అమ్మ ఆ నీళ్ళు తీసుకుంది గానీ మాట తీసుకోలేదు.

శైలజ తల్లి దుర్గాబాయి వడ్డించింది. పులుసు చిక్కగా, మామిడికాయ పులుపుతో, ఘుమఘుమలాడుతోంది. ఎంత కోపమున్నా నాలుకకు తెలియదు కదా, అమ్మ రెండోసారి కూడా పెట్టించుకుంది. చివరికి కంచం వైపు చూసి అలవాటు కొద్దీ నిట్టూర్చింది.

"కూర మస్తుగున్నది వదినే. గని ఏం లాభం, సల్ల పోసుకోకుంటే నాకు తిన్నట్టే ఉండదు. చాపలు తిన్న మీద సల్ల తాగితే బొల్లొస్తదంటరు. ఏడాదికి గీ మిరుగొక్కనాడు నోరు కట్టుకుంట."

దుర్గాబాయి పకపకా నవ్వింది. "ఏడాదికొక్కనాడా! మాకు రోజూ మిరుగేనాయె వదినే! చాపలు తినని పూట లేదు, సల్ల ముట్టే పూట లేదు. మా ఇంట్ల సల్ల ముంతనే లేదు."

అమ్మ చేయి కంచంలో ఆగిపోయింది.

"చాయ?"

"డికాషనే. పాలెవరు కొంటరు?"

"మరి పోరి చిన్నగున్నప్పుడు?"

"నా పాలే తాగింది. ఓసారి బర్రె పాలు పోస్తే కక్కి కక్కి సోలిపోయింది. భయమై మళ్ళ పోయలే. గప్పటి ముచ్చట ఇప్పుడెందుకు వదినే?"

అమ్మ గుమ్మంలో నిలబడ్డ శైలజను తేరిపార చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. "నాగమణీ, పోయినేడు మిరుగు నాడు మన ఇంట్ల గీ పిల్ల ఎట్లుండెనే?"

గుర్తొచ్చింది. ఆ రోజు గాలయ్య మామ బుట్టెడు చేపలు పంపాడు. శైలజే తోమి, వండి, వడ్డించి, సాయంత్రం నాతో అచ్చంగాయలు కూడా ఆడింది. తల్లిగారి చేపలొచ్చిన సంబరం అనుకున్నాం. ఆ రోజు అమ్మ ఎవరినీ పాలు, సల్ల, పాల చాయ ఏదీ ముట్టనివ్వలేదు. ఏడాది మొత్తంలో ఆ పిల్ల మా ఇంట్లో నిమ్మళంగా ఉన్నది ఆ ఒక్కరోజే.

అమ్మ ఎంగిలి చేత్తోనే లేచింది. శైలజ భయపడి ఒక అడుగు వెనక్కి వేసింది. అమ్మ ఎడమ చేత్తో ఆమె గదవ పట్టుకుంది.

"నా చేతులిరగ! రోగానికి మందని రోగాన్నే తాపిన గదనే బిడ్డా! అంత బాధైతుంటే నా మొహాన కొట్టకపోయినవా గా గ్లాసు!"

"మీరు ప్రేమగ పోస్తిరి అత్తమ్మా. ఎట్ల కొట్టాలె?" అన్నది శైలజ.

అంతే. అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దుర్గాబాయికి ఏమీ అర్థంకాక, వియ్యపురాలు ఏడిస్తే తానూ ఏడవాలేమోనని ఏడ్చింది. గాలయ్య మామ మాత్రం, "కూర కారమైందా ఏంది?" అని బయటినుంచి అడిగాడు.

కోడలిని అమ్మ వెంటనే తీసుకొచ్చింది. పెద్దమనుషుల మాట మళ్ళీ ఎత్తలేదు. శైలజకు వేరే గిన్నె, వేరే గంటె, వేరే ఉట్టి. పాలు పిండిన చేత్తో అమ్మ కోడలి కంచం ముట్టేది కాదు. కొన్నాళ్ళకు పిల్ల కోలుకుంది. తర్వాత మేడ్చల్‌లో ఒక డాక్టరమ్మకు చూపిస్తే, కొందరికి పాలు పడవని, ఇట్లాగే పాలు తగలకుండా చూసుకొమ్మని చెప్పింది. "గది నేనెప్పుడో కనిపెట్టిన" అని అమ్మ ఆమెకే చెప్పొచ్చింది!

మా ఇంట్లో అప్పటినుంచి 'మిరుగు' అంటే పాలు తగలనిది. డికాషన్‌కు మిరుగు చాయ అని పేరు. పెళ్ళిళ్ళకు పోతే అమ్మ వంటవాళ్ళ దగ్గరికే పోయి, "గీ కూర మిరుగేనా?" అని అడిగేది. వాళ్ళు తెల్లమొహం వేసేవాళ్ళు. సల్ల లేకుండా ముద్ద దిగని మా అమ్మ, కోడలితో కలిసి తిన్న ప్రతి పూటా చివరికి చారే పోసుకునేది. ఎందుకే అంటే, "ఒక్కతే చారు తాగితే దానికి పరాయి అనిపియ్యదా?" అనేది.

ఇవన్నీ కుదుటపడ్డాక, రెండువేల ఒకటిలో అనుకుంటా, ఒక పొద్దున నేను పోయేసరికి ఇంట్లో రణరంగం. శైలజ కొట్టం గుంజ పట్టుకుని ఓకరిస్తోంది. అమ్మ వీరేందర్ మీద పడింది.

"ఏం తెచ్చి పెట్టినవ్‌రా దానికి? నిన్న మాపటికి మిఠాయి తెచ్చినవా? నిజం చెప్పు!"

"నేనేం తేలేదమ్మా, ఒట్టు!"

"నాగమణీ, నువ్వు పెట్టినవా? నీ ఇంట్ల చాయ తాగిందా?" అని నా మీదికీ వచ్చింది. గిన్నెలన్నీ వాసన చూసింది. గంటె వాసన చూసింది. చివరికి శైలజ నోరు కూడా వాసన చూసింది!

"అంత మిరుగే తిన్న అత్తమ్మా" అన్నది శైలజ, తల దించుకుని. "సల్ల కాదు. పాలు కాదు."

"మరేందే?"

శైలజ కొంగు కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది. నాకు తెలిసిపోయింది, వీరేందర్‌కు కూడా తెలిసిపోయింది. అన్నీ కనిపెట్టిన మా అమ్మకే ఆలస్యమైంది. తెలిశాక కుడితి తొట్టి అంచు మీద అట్లాగే కూర్చుండిపోయింది. అప్పుడు వాడకట్టంతా వినపడేట్టు అరిచిన మాటను ఇప్పుడు పెదవి దాటించడానికి భయపడింది.

"బిడ్డా... నీళ్ళు..." అని ఆగింది.

శైలజ తలూపింది. "గాసారి లెక్క ఉత్తదైతదేమోనని చెప్పలే. మేడ్చల్ డాక్టరమ్మ మొన్ననే సూసి ఖాయమన్నది."

అమ్మ లేచి అలవాటు కొద్దీ పాల చెంబు అందుకుంది. అందుకుని, చెంబు వైపు ఒకసారి చూసి, కింద పెట్టేసింది. ఆ చేతిని కోడలి కడుపు మీద ఆనించింది.

"నా బర్రె పాలు నీకు పడకపాయె బిడ్డా. నీ పాలు దీనికి పడితే సాలు, నాకింకేం వద్దు" అన్నది.