ఎడమచేతికి కట్టిన తువ్వాలు

నా భర్తకు ప్రేమగా తినిపించినవాళ్ళను నేను ఇప్పటికీ క్షమించలేదు. ఎవరు ఏ మాట అన్నారో, ఆ పూట పొయ్యి మీద ఏ కూర ఉందో కూడా చెప్పగలను.

తొంభైల చివర్లో ఆయన ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడిపేవారు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట పోలేదు, నడక కొంత వచ్చింది, చెయ్యి మాత్రం రాలేదు. ద్వారకా నగర్‌లో నరాల డాక్టరు నన్ను కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పాడు. చెయ్యి కదపాలని మనిషి తంటాలు పడుతుంటే మెదడులో కొన్ని పదార్థాలు ఊరతాయట. నరాల కణాలకు అవి ఎరువులాంటివి. అవి అందిన కణం చురుకవుతుంది, కొత్త కొమ్మలు వేస్తుంది, పక్క కణం పంపిన కబురుకు మునుపటికన్నా గట్టిగా బదులిస్తుంది. చచ్చిన కణాల పనిని చుట్టుపక్కలవి కొంత నేర్చుకునేది అలాగే. పని పెట్టకపోతే ఆ ఎరువూ తగ్గిపోతుంది.

"మొదటి నెలలే ముఖ్యమమ్మా. రోజూ కాసేపు ఎడమచెయ్యి కట్టేయండి. ఒలికినా సరే, కుడిచేత్తోనే తిననివ్వండి."

తువ్వాలుతో కట్టాను. మొదటి వారం ఆయన వేళ్ళు పప్పన్నాన్ని పళ్ళెంలో అటూ ఇటూ తోశాయి, అంతే. రెండో వారం బొటనవేలు కాస్త వంగింది. నాలుగు మెతుకులు నోటిదాకా వెళ్ళాయి. ఆయన నవ్వారు.

అప్పుడే ఆయన షిఫ్టువాళ్ళు దిగారు. ప్లాంటులో తర్వాతి షిఫ్టు మనిషి, రిలీవరు, రానిదే ఎవరూ క్రేన్ దిగకూడదు. ఆ పద్ధతినే మా క్వార్టర్‌కి తెచ్చారు. రాత్రి డ్యూటీ దిగినవాడు పొద్దున్న ఇడ్లీ తినిపించాలి, మధ్యాహ్నం డ్యూటీ ఎక్కేవాడు అన్నం పెట్టి వెళ్ళాలి. రాత్రి భోజనం సాయానికి వచ్చిన ఆడపడుచు వంతు.

వాళ్ళలో కూర్మన్నపాలెం నుంచి వచ్చిన ఆయన నేస్తం తువ్వాలు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏటి సెల్లెమ్మా, బావని గొడ్డుని కట్టినట్టు కట్టేసినావేటి?"

ఎరువు సంగతి చెప్పాను.

"బుర్రలో ఎరువేటి? మడి అనుకున్నావేటి?" అని నవ్వి కట్టు విప్పేశాడు. "నానుండగా మా బావకి సెయ్యి లేదా?"

"మా వదినది రాయి గుండి బాబూ," అంది ఆడపడుచు. "మొగుడు మెతుకులేరుకుంతంటే సూత్తా కూకుంటాది."

ఆ పూట బెండకాయ వేపుడు. ఆయన నోరు తెరిచి ముద్ద తిన్నారు. "బావా, నీ సేతికి ఉప్పు సాల్లేదు," అన్నారు. అందరూ నవ్వారు.

నాలుగు నెలలు ఒక్కరూ ఒక్క పూట తప్పలేదు. నేను కట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు విప్పారు.

మళ్ళీ చూపించడానికి తీసుకెళ్తే, డాక్టరు తన వేలు ఆయన కుడి అరచేతిలో పెట్టి నొక్కమన్నాడు. బొటనవేలు కూడా కదల్లేదు.

"ఎవరు తినిపిస్తున్నారు?"

"అందరూ," అన్నాను.

డాక్టరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. తలెత్తలేదు.

తర్వాత షిఫ్టులు మారాయి, రాకపోకలు పలచబడ్డాయి. ఆడపడుచు తన ఇంటికి వెళ్ళిపోయింది. ఒక మధ్యాహ్నం మేమిద్దరమే ఉన్నాం. మళ్ళీ ఎడమచెయ్యి కట్టి పళ్ళెం ముందు పెట్టాను. ఆయన చాలాసేపు ప్రయత్నించారు. వేళ్ళు తెరుచుకోలేదు.

"నువ్వెట్టీ," అన్నారు.

నేను కదల్లేదు. అన్నం ఎండిపోయింది. ఆకలికి ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు నేనే కట్టు విప్పి ముద్ద కలిపాను.

ఆయన పోయేదాకా, తొమ్మిదేళ్ళు, నేనే తినిపించాను. ఆ కుడిచెయ్యి ఒళ్ళో ఎలా పెడితే అలాగే ఉండేది.