పన్నెండు దాటనీయకు

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు సుబేదారిలోని మా అద్దె ఇంట్లో ఫ్యూజు కాలింది. తెల్లవారుజామున పోయిన నాన్న ఫ్రీజర్ బాక్సులో ఉన్నారు. అక్క భిలాయ్ నుంచి వచ్చేసరికి సాయంత్రమవుతుంది. బాక్సు, రెండు కూలర్లు, వచ్చినవాళ్ల చాయ్ కోసం పెట్టిన ఇండక్షన్ పొయ్యి పొద్దుటి నుంచీ ఒకే లైను మీద నడుస్తున్నాయి.

"జర లావు తీగ చుట్టు బిడ్డా, మల్ల పోదు," అన్నాడు బాబాయి.

"తీగ కాలకుంటే గోడల వైరు కాలుతది బాబాయ్."

"పెద్ద మేస్త్రీవి! ఎవలు చెప్పిన్రు నీకు?"

"మీ అన్ననే చెప్పిండు."

నాన్న నలభై ఏళ్లు ఇళ్లకు వైరింగ్ చేశారు. "మిక్సీ పది నిమిషాల్ల బందయితది. పొద్దంత నడిచేటియి ఉంటే పదహారు ఆంపియర్ల ఫ్యూజు మీద పన్నెండు దాటనీయకు," అనేవారు.

మెయిన్ ఆపి, పొయ్యిని వంటింటి లైనుకు మార్చి, మునుపటి సైజు తీగనే చుట్టాను. బాక్సు మళ్లీ నడిచింది. సాయంత్రం అక్క వచ్చి నాన్న ముఖం చూసింది.

"అచ్చం మా అన్న చెయ్యే," అన్నాడు బాబాయి అందరి ముందు. అంత దుఃఖంలోనూ నాకు గర్వంగా అనిపించింది.

ఇప్పుడు బాబాయి ఇంట్లో కూడా ఫ్యూజుకు లావు తీగ చుట్టడం లేదు.